సుగ్గికి పోయిన పాఠం

ఆగస్టు మూడో వారంలో మా ఫిజికల్ సైన్సు సారు బండి మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల రాడ్డు వేశారు. రెండు నెలల్లో లేచి తిరుగుతాడన్నారు. దసరా అయ్యాక వస్తాడనుకున్నాం, తర్వాత సంక్రాంతి అయ్యాక వస్తాడనుకున్నాం. ఆ విద్యాసంవత్సరం మొత్తంలో ఆయన మళ్లీ బడి మెట్టెక్కలేదు.

అది 2022–23. కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఒక ఊరి ఉన్నత పాఠశాల మాది. పదో తరగతిలో యాభై ఎనిమిది మంది, రెండు సెక్షన్లు. నేను బయాలజీ టీచర్ని, చదివింది బోటనీ. ఇంటర్లో బైపీసీ తీసుకున్నదే లెక్కల భయంతో. అట్లాంటి నన్ను పిలిచి హెచ్ఎం సారు, "కొన్నాళ్లు మీరే చూసుకోండి మేడం, రెండూ సైన్సే కదా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చేతిలో వేరే మనిషి లేడు. వారానికి నా పీరియడ్లు ముప్పై ఆరుకు చేరాయి.

రెండూ సైన్సే అన్న మాటను ఆ ఏడు పరీక్ష కూడా నిజం చేసింది. అంతకు ముందేడు పదో తరగతికి భౌతికశాస్త్రం ఒక రోజు, జీవశాస్త్రం మరో రోజు పెట్టారు. ఈసారి పేపర్లు ఆరుకు తగ్గాయి. సైన్సంతా ఒకే పూట, రెండు భాగాలు, రెండు జవాబు పుస్తకాలు, కలిపి వంద మార్కులు. పిల్లల సంచుల్లో మాత్రం పుస్తకాలు ఎప్పటిలాగే రెండు. ఒక దాంట్లో ఉష్ణం, ఆమ్లాలు క్షారాలు, విద్యుత్ ప్రవాహం. ఇంకోదాంట్లో పోషణ, శ్వాసక్రియ, నియంత్రణ సమన్వయం. ఒకదాని మాట ఒకదానికి తెలియదు.

ఈ పిల్లల సంగతి కూడా చెప్పాలి. వీళ్లు ఏడో తరగతిలో ఉండగా 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఎనిమిదో తరగతి ముక్కలు ముక్కలుగా జరిగింది. తొమ్మిది ఆగస్టులో మొదలైంది. పదో తరగతికి బడి తెరిచింది జూలై 5న. పరీక్ష రాయకుండానే పై తరగతులకు వచ్చినవాళ్లు. మొదటి వారం ఉష్ణం పాఠానికి ముందు, నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయని అడిగితే ఒక పిల్లవాడు లేచి "మన పొయ్యి మీదనా మేడం, బడి పొయ్యి మీదనా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత రాత్రి పడుకుని ఆలోచిస్తే ఆ ప్రశ్నలో తప్పేముందని అనిపించింది. వాడు మంట ఎక్కువైతే నీళ్లు ఎక్కువ వేడెక్కుతాయనుకుంటున్నాడు. అది నేను ముందు తీర్చాల్సిన చిక్కు. నవ్వి దాటేశాను.

మొదటి నెలలో నేను చేసిన తప్పులు రాయాలంటే నోటుపుస్తకం చాలదు. రాత్రి తొమ్మిదికి మా పాపను పడుకోబెట్టి ఫోనులో వీడియోలు చూసి, కాగితం మీద లెక్కలు చేసుకుని, పొద్దున ఆదోనిలో బస్సెక్కి దారంతా మననం చేసుకుంటూ వెళ్లేదాన్ని. విద్యుత్ ప్రవాహం పాఠంలో ఇంటి వైరింగు గురించి చెబుతూ బోర్డు మీద మూడు బల్బుల్ని ఒకదాని తర్వాత ఒకటి వరసగా గీశాను. వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు ఒకడున్నాడు. మోటారు వైండింగు షాపులో వాళ్ల మేనమామ దగ్గర సాయంత్రాలు పని చేసేవాడు. ఎన్నడూ నోరు తెరవనివాడు చెయ్యెత్తాడు.

"మేడం, మీరు గీసినట్ల వైరింగ్ చేస్తే వంటింట్లో లైటు ఆర్పితే ఇల్లంతా ఆరిపోవల్ల కదా?"

నా ముఖంలో రక్తం ఇంకిపోయింది. బోర్డు వైపు తిరిగి చూసుకున్నాను. శ్రేణి సంధానం గీసి కింద గృహ వలయం అని పెద్ద అక్షరాలతో రాశాను. ఏదో ఒకటి చెప్పి దబాయించవచ్చు. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషిని, ఆ విద్య నాకు తెలుసు. ఎందుకో ఆ రోజు చేతకాలేదు. సుద్దముక్క వాడికిచ్చి "వచ్చి గీయి నాయనా" అన్నాను. వాడు వచ్చి సమాంతరంగా గీశాడు. స్విచ్ ఏ తీగ మీద పెట్టాలో, ఎందుకు పెట్టాలో కూడా చెప్పాడు. ఫేజు, న్యూట్రల్ అన్న మాటలు పుస్తకంలో కంటే వాడి నోట్లో స్పష్టంగా ఉన్నాయి. నిరోధం లెక్క మాత్రం వాడికి రాదు, భిన్నాల కూడిక రాదు. అక్కడ నేను అందుకున్నాను. ఆ రోజు నుంచి ఫిజిక్సు పీరియడ్లో వాడు నాకు సగం టీచరు.

ఇదంతా ఏదో కష్టపడి నడుస్తోంది అనుకునేలోపు పత్తి తీతలు వచ్చాయి.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి ఉత్సవాలకు పిల్లలు సోమవారం, గురువారం ఎగ్గొట్టడం మాకు అలవాటే. అది ఒకటి రెండు రోజుల పని. పత్తి అట్లా కాదు. దీపావళి చుట్టుపక్కల వారం వారం తరగతి సగానికి పడిపోయేది, అదీ రోజుకో సగం. సోమవారం వచ్చినవాడు మంగళవారం రాడు. బుధవారం వచ్చినదానికి సోమవారం ఏం జరిగిందో తెలియదు. నేను మాత్రం నా ప్రణాళిక ప్రకారం నిన్న ఆపిన చోట మొదలుపెట్టేదాన్ని. "నిన్న ఏం చెప్పుకున్నాం?" అని అడిగేదాన్ని. ఆ ప్రశ్న అడగ్గానే సగం తలలు కిందికి దిగేవి. తల దించినవాడు ఆ పీరియడంతా మళ్లీ ఎత్తడు. బొమ్మలు గీసుకుంటాడు, పక్కవాడి సంచి లాగుతాడు, లేదా కళ్లు తెరిచే నిద్రపోతాడు. నేనేమో అల్లరి అనుకుని కేకలేసేదాన్ని.

నవంబర్లో నా గొంతు పోయింది. నిజంగానే పోయింది, గాలి తప్ప శబ్దం రాలేదు. ఆదోనిలో డాక్టరు చూసి స్వరపేటిక వాచింది, పది రోజులు మాట్లాడవద్దన్నాడు. సెలవు పెడితే రెండు సబ్జెక్టులూ ఆగిపోతాయి. మాట్లాడకుండా బడికి పోయాను. రోజూ బల్ల మీద ఏదో ఒక వస్తువు పెట్టి బోర్డు మీద ఒక ప్రశ్న రాసేదాన్ని. మొదటి రోజు సగం కోసిన నిమ్మకాయ, పక్కన పసుపు రాసిన కాగితం, బట్టల సోడా. "ఏది పసుపును ఎరుపు చేస్తుంది? చేసి చూడండి." అంతే. వాళ్లే లేచి వచ్చి చేశారు. సోడా నీళ్లకు కాగితం ఎర్రబడింది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు తిరిగింది. ఆడపిల్లలు "కుంకుమ ఇట్లే చేస్తారు మేడం, పసుపులో సున్నం కలిపి" అన్నారు. నేను బోర్డు మీద రాశాను: క్షారం. తర్వాత రాశాను: కడుపులో ఉండేది నిమ్మకాయ వైపా, సోడా వైపా? అక్కడి నుంచి జీర్ణక్రియలోకి వెళ్లాం. భౌతికశాస్త్రం పుస్తకంలోని ఆమ్లం జీవశాస్త్రం పుస్తకంలోని జీర్ణాశయంలోకి నడిచిపోయింది, ఎవరూ గుర్తుపట్టలేదు. ఏ పుస్తకం తీయాలని కూడా ఎవరూ అడగలేదు.

ఆ పది రోజుల్లో తరగతి ముందెన్నడూ లేనంత నెమ్మదిగా ఉంది. మూగదాన్ని అయిపోయినందుకు జాలిపడ్డారేమో అనుకున్నాను. అది కాదని చాలా రోజులకు అర్థమైంది. "నిన్న ఏం చెప్పుకున్నాం?" అని నేను అడగలేదు, అదీ తేడా. గొంతు లేదు కాబట్టి అడగలేదు. నిన్న రానివాడు కూడా నిమ్మకాయ చూసి లోపలికి రాగలిగాడు.

గొంతు తిరిగి వచ్చాక ఆ ప్రశ్న మానేశాను. ప్రతి పీరియడ్ మొదటి ఐదు నిమిషాలు అందరూ జవాబు చెప్పగలిగేదిగా, నిన్నటి మీద ఆధారపడనిదిగా ఉండాలని పెట్టుకున్నాను. వినడానికి సులువు. చేయడానికి నాకు పాఠం తయారీ రెట్టింపైంది. పాత దినసరి రిజిస్టర్లలో ఖాళీగా ఉన్న పొడుగుది ఒకటి తీసుకుని తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో పేజీ పెట్టాను. ఎవరు ఏ రోజు లేరు, ఆ రోజు ఏం జరిగింది, వాళ్లకు అది ఎప్పుడు అందింది. సిలబస్ ఎంతవరకు అయిందో పెట్టాల్సిన ఫార్మాట్లు వేరే ఉండేవి. అవి నింపేదాన్ని. నా లెక్క మాత్రం ఈ రిజిస్టరులో ఉండేది.

దీనికి ఖరీదు కట్టినవాళ్లు ఉన్నారు. మొదటి బెంచీలో ఒక అమ్మాయి, వాళ్ల నాయన ఊళ్లో పోస్టుమాన్. ఒక్కరోజు మానేది కాదు. సైన్సులో తొంభై తెచ్చుకోవాలని పుస్తకం అట్ట లోపల రాసుకుంది. డిసెంబర్లో ఒక రోజు పరావర్తనం గురించి మళ్లీ మొదటి నుంచి చెబుతుంటే పెన్ను బల్ల మీద విసిరి, "ఇది నాలుగోసారి మేడం. రానోళ్లకే చెప్తాండారు, వచ్చేవాళ్లకు ఎప్పుడు చెప్తారు?" అంది. నేను ఆ అమ్మాయిని నిలబెట్టాను. అందరి ముందు స్వార్థం అన్న మాట వాడాను. ఆ మాట నేను వాడకుండా ఉండాల్సింది. ఆ అమ్మాయి అడిగింది న్యాయమే. సాయంత్రం స్టడీ అవర్‌లో విడిగా లెక్కలు చేయిస్తానన్నాను. కొన్ని రోజులు చేయించాను, తర్వాత నాకే కుదరలేదు.

సంక్రాంతి సెలవులు ముగిసి తెరిచేసరికి యాభై ఎనిమిదిలో ముప్పై నాలుగు మంది ఉన్నారు. మిగతావాళ్లు సుగ్గికి పోయారు.

సుగ్గి అంటే మా వైపు పంట కోత. కన్నడం కలిసిన మాట. మా పొలాల్లో పని అయిపోగానే, బోరులో నీళ్లు లేని ఊళ్లన్నీ మూటలు కట్టుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతకు పోతాయి. ఇళ్లకు తాళాలు. వీధిలో ముసలివాళ్లు, కుక్కలు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు కనుక ఎవరి ఇష్టంతోనూ పని లేదు. కాయ కిలోల లెక్కన కోస్తారు. పదిహేనేళ్ల పిల్ల తల్లితో సమానంగా కోస్తుంది, వేళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి కొందరు ఇంకా వేగంగా కోస్తారు. పిల్లను వదిలి పొమ్మంటే ఒక తల్లి నన్నే అడిగింది. "ఎవురి దగ్గర వదల్ల మేడమ్మా? మా అత్తకు కండ్లు కనపడవు. ఈడొచ్చిన పిల్ల." హాజరు డెబ్బై ఐదు శాతం లేకపోతే అమ్మ ఒడి డబ్బు రాదని గుర్తు చేశాను. ఆమె వేళ్ల మీద లెక్క వేసింది. "ముగ్గురం పోతే నెల తిరక్కుండానే అంత వస్తాది." నా దగ్గర జవాబు లేదు. లెక్కల్లో నేను మొదటి నుంచీ బలహీనం. వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టలు ఆ ఏడు మా ఊళ్లో లేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక చిన్న కుటుంబం తిరిగి వచ్చింది, ఎవరో చనిపోతే. వాళ్ల అమ్మాయి పదో తరగతి. మూడో బెంచీ. వచ్చి కూర్చుంది, కానీ రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని కదలకుండా ఉంది. పెన్ను పట్టుకోలేదు. ఏమైందంటే, "మంట మేడం. మూడు దినాలైనా పోలేదు. రాత్రి కన్ను నలుపుకున్నా, చచ్చిపోయినా అనుకున్నా" అంది. ముట్టుకుంటే చేతులు వేడిగా లేవు. ఆ పిల్లే అడిగింది: "మండతాండాయి గానీ ముట్టుకుంటే సల్లగుండాయి. ఎందుకు మేడం?"

ఆ రోజు పాఠం రసాయన బంధం. దాన్ని పక్కన పెట్టాను. ల్యాబులోంచి థర్మామీటరు తెప్పించి ఆ పిల్ల పిడికిట్లో పెట్టాం. తర్వాత పక్క పిల్ల పిడికిట్లో. రెండింట్లోనూ ముప్పై నాలుగుకు అటూ ఇటూ. ఉష్ణోగ్రతలో తేడా లేదు. మరి మంట ఎక్కడిది? ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నేనూ సగమే చెప్పగలిగాను, మిగతాది రేపు చెబుతానన్నాను.

ఆ రాత్రి చదివాను. మిరపకాయలో మంటకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం. మన నాడీకణాల చివర్లలో వేడిని కనిపెట్టే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. సుమారు నలభై మూడు డిగ్రీలు దాటితే అది తెరుచుకుని మెదడుకు కబురు పంపుతుంది. కాప్సైసిన్ వచ్చి అదే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. వేడి లేకుండానే తలుపు తెరుచుకుంటుంది. మెదడుకు అబద్ధపు కబురు అందుతుంది. ఆ ప్రోటీన్‌ను కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది, స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. ఆయన ఆ ప్రోటీన్‌ను పట్టుకున్నది మిరపకాయ మంటను వెంబడించే. ఫోను పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మా పిల్లల చేతుల్లో ఉన్నది నోబెల్ ప్రశ్న.

మర్నాడు ఆ రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాను. ఉష్ణం అంటే ఏమిటి, ఉష్ణోగ్రత అంటే ఏమిటి, నాడి కబురు ఎట్లా మోస్తుంది, మెదడు ఎందుకు మోసపోతుంది. నీళ్లతో కడిగితే మంట ఎందుకు పోదు అని అడిగితే అదే మూడో బెంచీ పిల్ల, "మా అవ్వ నూనె రాయమంటాది" అంది. అవును. కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. శనగనూనె రాసి, తుడిచి, సబ్బుతో కడగాలి. వంట అక్క నూనె సీసా తెచ్చింది. ఆ పిల్ల చేతులకు అందరి ముందూ నూనె రాశాం. మంట పూర్తిగా పోలేదు, తగ్గింది. కార్బన్ సమ్మేళనాల పాఠంలో ద్రావణీయత అన్న మాట ఎక్కడుందో పిల్లలే వెతికారు. పదో తరగతిలో ఆ ఏడు నేను చెప్పిన ఒకే ఒక్క మంచి పాఠం అది. మిగతావన్నీ ఎక్కడో ఒక చోట కుంటినవే.

ఆ పిల్ల కుటుంబం వారానికి మళ్లీ సుగ్గికి పోయింది. పిల్లను తీసుకుపోయారు.

అప్పుడు మేము పోయాం. నేను, మా పీఈటీ సారు. ఎవరూ పొమ్మనలేదు. ఫిబ్రవరి నెలాఖరు శని, ఆదివారాలు చూసుకుని, గుంతకల్లులో రైలెక్కి నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం మీదుగా నరసరావుపేటలో దిగాం. పిల్లల ఫోన్లలో దొరికినవి మూడు ఊళ్ల పేర్లు. ఆటో మాట్లాడుకున్నాం. ఊరు ఇంకా కిలోమీటరు ఉందనగానే దగ్గు మొదలైంది. కల్లాల్లో ఎర్రటి కాయ పరిచి ఉంది, చూపు ఆనినంత మేర. పక్కనే పట్టాలు కప్పిన గుడిసెలు, మా ఊరి వాళ్లవి. మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తున్న అవ్వ నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు, తర్వాత పైట సర్దుకుని ఏడ్చింది.

రైతు మంచివాడు. మజ్జిగ ఇప్పించాడు. "తీసుకెళ్లండమ్మా, చదువు వద్దంటే పాపం. కానీ కాయ పండి రాలిపోతోంది, నా సంగతి కూడా చూడండి" అన్నాడు. అన్ని వైపులా న్యాయం ఉన్న చోట మనిషి ఏమి మాట్లాడగలదు? మేస్త్రీ మాత్రం ముఖం తిప్పుకున్నాడు.

మూడో బెంచీ పిల్ల దగ్గర సైన్సు పుస్తకాలు రెండూ ఉన్నాయి. ఎరువుల సంచి కత్తిరించి అట్ట వేసుకుంది. తెరిస్తే పేజీల అంచులు ఎర్రగా ఉన్నాయి, కారం. చదివినావా అని అడిగాను. "లేదు మేడం. పొద్దు గూకితే నిద్ర." అబద్ధం చెప్పనందుకు ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను. నా చీర కూడా మండింది.

మూడు ఊళ్లలో పదకొండు మంది పదో తరగతి పిల్లలు దొరికారు. ఏడుగురిని పంపడానికి ఒప్పుకున్నారు. నలుగురిని పంపలేదు. వైండింగు షాపు పిల్లవాడు ఆ గుడిసెల్లో లేడు. వాళ్ల నాయన చెప్పాడు, రెండు వారాల కిందట ఒక గుంపుతో బెంగుళూరు పోయాడని, కట్టడాల్లో కరెంటు పనికి. "రోజుకు బాగిస్తారంట మేడం. వానికి పని వస్తాది కదా" అన్నాడు తండ్రి, కొంచెం గర్వంగానే. ఫోను నంబరు ఇచ్చాడు. చేశాను. ఎత్తాడు. "పరీక్షకు వస్తా మేడం" అన్నాడు. ఆ గొంతు విని నమ్మాను.

తెచ్చిన ఏడుగురిలో ముగ్గురు ఆడపిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లు లేరు. వంట అక్క తన ఇంట్లో పెట్టుకుంది. నెల రోజులకు పైగా వాళ్లకు రాత్రి అన్నం ఆమెదే. బియ్యం, పప్పు టీచర్లం తలా కొంత వేసుకున్నాం. ఆమె జీతం ఎంతో, అది ఎన్ని నెలలకు ఒకసారి వస్తుందో తెలిసిన మనిషిని కాబట్టి ఇది రాయకుండా వదలలేను.

మార్చి అంతా నాకు సరిగ్గా గుర్తులేదు. ఒకే గదిలో మూడు తరగతులు నడిపినట్టు ఉండేది. ఎప్పుడూ మానని ఇరవై మంది, అప్పుడప్పుడు మానినవాళ్లు, సుగ్గి నుంచి వచ్చిన ఏడుగురు. గోడ పొడుగునా నులక తాడు కట్టి, జరిగిన ప్రతి పాఠానికి ఒక బొమ్మో, ప్రశ్నో బట్టల క్లిప్పుతో తగిలించాం. వచ్చినవాళ్లు తాడు మొదటి నుంచి చూసుకుంటూ నడిచి, తాము ఎక్కడ దిగిపోయారో అక్కడ నిలబడేవాళ్లు. అక్కడ నుంచి వాళ్లకు చెప్పే పని మూడో బెంచీ పిల్ల తీసుకుంది, తనకే సగం తెలియకపోయినా. తెలియనప్పుడు పోస్టుమాన్ కూతుర్ని పిలిచేది. ఆ అమ్మాయి మొదట రెండు మూడు రోజులు విననట్టు కూర్చుంది. తర్వాత లేచి వెళ్లింది. నా వైపు మాత్రం చూడలేదు. కొన్ని పాఠాలు వదిలేశాం. లోహ సంగ్రహణ శాస్త్రం పైపైన చదివించాను. విద్యుదయస్కాంతత్వంలో నాకే ధైర్యం లేని భాగాలు ఉన్నాయి, వాటికి ముఖ్యమైన ప్రశ్నలు రాయించి బట్టీ పట్టించాను. అట్లా చేయించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సైన్సు పరీక్ష 2023 ఏప్రిల్ 13న. సెంటరు పక్క ఊళ్లో. మా సబ్జెక్టు రోజు మాకు డ్యూటీ వేయరు కాబట్టి వేపచెట్టు కింద నిలబడ్డాను. బెల్లు కొట్టేదాకా గేటు వైపే చూశాను. వైండింగు పిల్లవాడు రాలేదు. ముందు నాలుగు పరీక్షలకూ రాలేదు, అయినా ఆ రోజు వస్తాడనుకున్నాను, కరెంటు పాఠం ఉంది కదా అని. ఎంత తెలివితక్కువ ఆశ అది.

మధ్యాహ్నం బయటికి వచ్చిన పిల్లల్లో ఒకడు ఏడుస్తున్నాడు. జీవశాస్త్రం జవాబు ఒకటి భౌతికశాస్త్రం పుస్తకంలో రాశాడట. ఏడాదంతా రెండూ ఒకటే అని చెప్పిన మనిషిని, వాడికేం చెప్పను? మూడో బెంచీ పిల్ల వచ్చి చెప్పులు దులుపుకుంటూ, "మిరపకాయ రాలేదు మేడం" అంది.

మే 6న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలో 72.26 శాతం పాసయ్యారు. మా బడిలో యాభై ఎనిమిది మందిలో ముప్పై తొమ్మిది మంది, అంటే రాష్ట్రం కంటే తక్కువ. పల్నాడు నుంచి తెచ్చిన ఏడుగురిలో నలుగురు గట్టెక్కారు. మూడో బెంచీ పిల్ల సైన్సులో నలభై ఒకటి తెచ్చుకుంది, లెక్కల్లో పోయింది, సప్లిమెంటరీ రాసింది. పోస్టుమాన్ కూతురికి సైన్సులో ఎనభై ఒకటి. మార్కుల కాగితం తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను ఏదో అనబోతే, "పర్వాలేదు మేడం" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆ తొమ్మిది మార్కులు నా దగ్గరే ఉన్నాయి.

ఫలితాల సమీక్షలో నన్ను లేపి, సైన్సులో ఇంతమంది ఎందుకు పోయారని అడిగారు. రిజిస్టరు తీసుకుపోయాను. ఎవరూ అడగలేదు కాబట్టి సంచిలోంచి తీయలేదు. శాతం ఎంతో చెప్పి కూర్చున్నాను.

జూన్ 12న బడులు తెరిచారు. బదిలీల్లో మా బడికి కొత్త ఫిజికల్ సైన్సు సారు వచ్చాడు. కుర్రవాడు, ఎమ్మెస్సీ ఫిజిక్సు, ఇస్త్రీ చొక్కా. ల్యాబు తాళాలు ఇస్తుంటే ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. అతను ఇంజినీరింగు కాలేజీలో కొన్నాళ్లు చెప్పాడట. బల్ల మీద డైరీ తెరిచి, పెన్ను పట్టుకుని అడిగాడు.

"తొమ్మిదో తరగతికి పోయినేడు సిలబస్ ఎంతవరకు అయింది మేడం?"

"ఎవరికి సార్?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. బీరువా తెరిచి ఆ పొడుగు రిజిస్టరు తీసి అతని డైరీ మీద పెట్టాను. అంతలో బెల్లు కొట్టారు. ఎనిమిదో తరగతిలో నాకు పీరియడుంది, బల్ల మీద ఉన్న నిమ్మకాయ తీసుకుని వెళ్లాను.